పడవ రాని ముహూర్తం

రెండేళ్ళ కిందట మాఘమాసంలో, రేపల్లె దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో పెళ్ళికి మేళం ఒప్పుకున్నాం. మేళమంటే మేమిద్దరమే. నేను సన్నాయి, మా బావ డోలు. బావ నాకు మేనత్త కొడుకు, నా భర్త కూడా. ఇద్దరికీ గురువు మా నాన్నే. తెనాలిలో మా ఇంటి వసారాలో నాన్న ఎదుట కూర్చుని నేను స్వరాలు పలికిస్తుంటే, పక్కన బావ చెక్కపలక మీద పుల్లతో దరువు నేర్చుకునేవాడు. ఇప్పుడు పొన్నూరు, బాపట్ల, రేపల్లె, ఎటు వెళ్ళినా మా మేళమే కావాలనే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఆడమనిషి సన్నాయి ఊదుతుంటే మొదట్లో జనం నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు.

ఆ రోజు మంచు విపరీతంగా పట్టింది. కాలవ గట్టు వెంట వెళుతుంటే ఒక మలుపులో డ్రైవరు వ్యాను ఆపి, దిగి, కల్వర్టు గోడ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని వచ్చి మళ్ళీ ఎక్కాడు. వెనక సీట్లో నేనూ బావా, మధ్యలో డోలు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ రోజుల్లో మేము పనికి సంబంధించినవి తప్ప మాట్లాడుకోవడం మానేశాం. ఎందుకో చెబుతాను గానీ, ముందు పెళ్ళి సంగతి.

మేము చేరేసరికి ఏడవుతోంది. ఇంటి ముందు పందిరి, అరటి బోదెలు, మామిడి తోరణాలు, ఎర్ర కుర్చీలు, అన్నీ అమర్చి ఉన్నాయి. మనుషులే పెళ్ళివాళ్ళలా లేరు. ఆడవాళ్ళు అరుగు మీద గుంపుగా కూర్చుని ఉన్నారు, ఎవరి నోటా మాట లేదు. వంటవాళ్ళు గరిటె చప్పుడు కూడా కానివ్వకుండా పని చేసుకుంటున్నారు. మగవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు.

పెళ్ళికూతురి అమ్మమ్మ మా దగ్గరికి వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, నడుం వంగలేదు. నా చెయ్యి పట్టుకుని పందిరి వెనక్కి తీసుకుపోయింది.

"అమ్మాయ్, నీకు చెప్పకుండా దాస్తే బాగోదు. నా కొడుకు నిన్న పొద్దున సముద్రం మీదకి పోయాడు. ఇంకా రాలా," అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. పెళ్ళికూతురికి తల్లీ తండ్రీ లేరని, తన చిన్నప్పుడే జబ్బు చేసి పోయారని, మేనమామే పెంచాడని ఒప్పందానికి వచ్చినప్పుడే విన్నాను. ఈ పెళ్ళిలో బుట్టలో పిల్లని మోసుకొచ్చేదీ ఆయనే, భార్యతో పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేదీ ఆయనే.

"పెళ్ళి ముందు రోజు వేటకి ఎందుకెళ్ళారు మామ్మా?"

"వేటకి కాదమ్మా, వల తెచ్చుకోటానికి. మొన్న వేసిన వల నీళ్ళలోనే ఉండిపోయింది. పెళ్ళి నాలుగు రోజులూ ఎవరూ సముద్రం మీదకి పోరు గదా. పోయి తీసుకుని మధ్యాన్నానికల్లా వచ్చేస్తానన్నాడు. నలుగురు పోయారు. ఫోను కలవటంలా. పోయి ఎతుకుదామంటే ఈ మంచులో ఎవరికి ఎవరు కనపడతారు? మగోళ్ళంతా ఒడ్డున నిలబడి ఉన్నారు, మంచు ఇడిస్తే బోట్లు తీద్దామని."

"పెళ్ళికూతురికి..."

"తెలీదు. హార్బరు కాడ పనుందని, పొద్దున్నే వచ్చేస్తాడని చెప్పాం." నా చెయ్యి ఇంకా వదల్లేదు. "నువ్వు మేళం మొదలుపెట్టమ్మా. మేళం లేకపోతే పిల్ల కనిపెట్టుద్ది."

నేను బావ వంక చూశాను. బావ తల దించుకుని డోలు గుడ్డ విప్పుతున్నాడు.

"మామ్మా, ఇట్టాంటప్పుడు ఎట్టా వాయించమంటావు?" అన్నాను.

"సముద్రం మీద ఉంది నా కొడుకమ్మా. వాయించమంటోంది నేను. ఇంకెవరు చెప్పాలి నీకు?"

నేనూ సన్నాయి మీద గుడ్డ విప్పాను.

ముహూర్తం పది గంటల యాభై రెండు నిమిషాలకు. చేతిలో దాదాపు నాలుగు గంటలుంది. పందిట్లో చాప మీద కూర్చున్నాం. మంచుకి డోలు చర్మం మెత్తబడి, కొడితే బొంగురుగా మోగుతోంది. బావ దాన్ని తీసుకుపోయి వంటవాళ్ళ పొయ్యి దగ్గర అటూ ఇటూ తిప్పి కాచుకొచ్చాడు. నోట్లో పెట్టి ఊదే నా సన్నాయి పీక కూడా తేమకి ఉబ్బింది, శ్రుతి దిగిపోతోంది. బిళహరి ఎత్తుకున్నాను. పొద్దుటిపూట మనసుకి హుషారిచ్చే రాగం. పదిహేను నిమిషాలు పోయాక నాకు తెలియకుండానే చేతులు ఎటో వెళ్ళిపోయాయి. అమ్మమ్మ గబగబా వచ్చి నా ముందు వంగింది.

"అదొద్దమ్మా. ఏడ్చినట్టుంది."

ఆమెకి రాగాల పేర్లు తెలియవు. కానీ నేను ముఖారిలోకి జారుకున్నానని నాకంటే ముందే ఆమెకి తెలిసింది. ఉలిక్కిపడి మోహనలోకి మళ్ళాను. ఆ తర్వాత ప్రతి స్వరం దగ్గరా నన్ను నేను కాపలా కాసుకుంటూ వాయించాను. ఊపిరి చివర ఏమాత్రం వణికినా లోపల పిల్ల విని పోల్చుకుంటుందేమోనని భయం.

ఎనిమిదింటికి మంగళస్నానం. అప్పుడు మేళం పెళ్ళికూతురి దగ్గర ఉండాలి. మగవాళ్ళు రాకూడదు కనుక నేనొక్కదాన్నే పెరట్లోకి వెళ్ళాను. తడికల చాటున పీట మీద కూర్చుని ఉంది పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఒంటికి పసుపు, నలుగు. చుట్టూ ముత్తయిదువులు నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూస్తే నాకే తెలిసిపోతోంది, అవి నవ్వులు కావని. మేనమామ భార్య, పిల్లకి అత్త, చెంబుతో నీళ్ళు పోస్తూ మాటిమాటికీ మొహం అటు తిప్పుకుంటోంది.

స్నానం అయ్యాక చీర తేవడానికి వాళ్ళు లోపలికి వెళ్ళారు. ఒక నిమిషం మేమిద్దరమే మిగిలాం. పిల్ల తడి జుట్టు పిండుకుంటూ నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు బయట్నించి వచ్చావు గదా. మా మావయ్యని చూశావా? పొడుగ్గా ఉంటాడు, మెళ్ళో తెల్ల తువ్వాలు. నిన్న పొద్దున్నించి కనపళ్ళా. అడిగితే ఒకళ్ళు హార్బరు అంటారు, ఒకళ్ళు ఐసు తేవటానికి పోయాడంటారు. రాత్రి నుంచి నాకు ముద్ద దిగటంలా."

ఆ పిల్ల కళ్ళలోకి చూశాను. నా నోరు అదే తెరుచుకుంది.

"చూశానమ్మా. ఇందాకే వచ్చాడు. పందిట్లో పంతులుగారితో మాట్లాడుతున్నాడు."

ఆ పిల్ల ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. "అమ్మయ్య," అని నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి రెండు ఇడ్లీలు తిందట. ఆడవాళ్ళు వచ్చి నాతో చెప్పారు, మేలు చేశావమ్మా అని. అమ్మమ్మ నా బుగ్గ నిమిరింది. నేను మాత్రం ఆమె వంక చూడలేకపోయాను. సన్నాయి పట్టుకుని వెళ్ళి బావ పక్కన కూర్చున్నాను.

"ఏంటి, అట్టా ఉన్నావు?" అన్నాడు బావ. చాలా రోజుల తర్వాత నన్ను అడిగిన మాట అది.

నేను సన్నాయి పీక తీసి కొత్తది బిగించుకున్నాను.

కారణం చెబుతానన్నాను గదా. అంతకు ఏడాదిన్నర ముందు బాపట్లలో ఒక పెళ్ళికి వాయిస్తున్నాం. ఇంటి దగ్గర నాన్నకి ఒంట్లో బాగోలేదు గానీ, మమ్మల్ని పంపించింది ఆయనే. నా ఫోను బావ సంచిలో ఉంది. పెళ్ళి మొత్తం వాయించాం. తలంబ్రాలప్పుడు పిల్లా పిల్లాడూ నవ్వుతుంటే, వాళ్ళతోపాటు నేనూ ఉత్సాహంగా, నాన్న నేర్పిన సంగతులన్నీ వేసి వాయించాను. అంతా అయ్యాక, సన్నాయి గుడ్డలో చుట్టుకుంటుంటే, బావ నా పక్కన కూర్చుని చెప్పాడు, నాన్న లేడని. ఎప్పుడు తెలిసిందని అడిగితే, ఇందాక, అన్నాడు. పక్కన డోలు వాయిస్తూ ఆ సంగతి గుండెల్లో పెట్టుకుని నా చేత అంతసేపు ఆనందంగా పాటలు వాయింపించాడు. నాన్న పోయిన గంటలో నేను నవ్వుతూ ఉన్నాను. అది నేను క్షమించలేకపోయాను. కర్మకాండ అయ్యాక బావతో మాటలు తగ్గించేశాను. పోట్లాడింది లేదు. మేళానికి కూర్చుంటే ఇద్దరికీ దరువు కలిసేది, లేచాక ఎవరి దారి వాళ్ళదే.

అలాంటి నేను, నన్ను అడిగిన పిల్లకి కన్నార్పకుండా అబద్ధం చెప్పాను. ఆలోచించడానికి కూడా ఆగలేదు.

తొమ్మిదిన్నరకి మంచు పలచబడింది. ఒడ్డు వైపు నుంచి మోటార్ల చప్పుడు వినిపించింది. రెండు బోట్లు వెళ్ళాయని ఎవరో వచ్చి అమ్మమ్మ చెవిలో చెప్పారు. ఆమె తల ఊపి, మా వైపు చెయ్యి ఊపింది, ఆపొద్దని.

పది కాకముందే మగపెళ్ళివారి బస్సు వచ్చింది. వాళ్ళది రేపల్లె. పెళ్ళికొడుకు తండ్రి కూడా వేటకి వెళ్ళే మనిషే. బస్సు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. పందిట్లో వేటకి వెళ్ళే వయసు మగవాళ్ళు లేకపోవడం, కుర్చీలు ఖాళీగా ఉండడం ఒక్కసారి కలియజూశాడు. ఎదురు సన్నాహానికి మేము వాయిస్తుంటే మా పక్కనుంచి తిన్నగా అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, "ఎంతమంది?" అని మాత్రం అడిగాడు. ఆమె నాలుగు వేళ్ళు చూపించింది. ఆయన కండువా తీసి నడుముకి కట్టుకుని ఒడ్డు వైపు వెళ్ళిపోయాడు.

గౌరీపూజ జరుగుతోంది. పదిన్నరకి పిల్లని బుట్టలో తేవాలి. పంతులుగారు రెండుసార్లు, "మేనమామగారిని పిలవండమ్మా," అన్నారు. ఆయనకి కూడా ఎవరూ చెప్పలేదు. మూడోసారి కాస్త గట్టిగా అన్నారు. ఎవరూ కదల్లేదు.

అప్పుడు లోపల ఒక కేక వినిపించింది. అత్త ఏడుపు ఆపుకోలేకపోయింది. బుట్టకి పసుపు రాస్తూ రాస్తూ దాని మీదే పడి ఏడ్చిందని, పిల్ల చూసిందని తర్వాత తెలిసింది. తలుపు తెరుచుకుంది. నుదుట బాసికంతో, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, పెళ్ళికూతురు తనంతట తనే నడుచుకుంటూ పందిట్లోకి వచ్చింది. అంతమంది జనం లేచి నిలబడ్డారు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, నేను వాయిస్తుండగానే, సన్నాయి మీద చెయ్యి వేసింది.

"ఆపక్కా."

స్వరం మధ్యలో తెగిపోయింది. బావ చేతిలో పుల్ల గాల్లోనే ఆగింది.

"మావయ్యని చూశానన్నావు గదా. ఎక్కడ చూశావు?"

కొన్ని వందల కళ్ళు నా మీద ఉన్నాయి. "చూడలేదమ్మా. అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. ఒక్క క్షణం అలా చూసి, చెయ్యి తీసేసింది. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

"మేళం ఆపమాకండి!" అంటూ అమ్మమ్మ అడ్డం వచ్చింది. "నువ్వు పోయి కూచోవే. ముహూర్తం దాటకూడదు. వాడు వస్తాడు."

"వచ్చినాకే కూచుంటా."

"మీ తాత మూడు రోజులు రాలా ఒకసారి. నీకు తెలుసా? ఆ మూడు రోజులూ నేను పొయ్యి ఆర్పలా, ఇంట్లో ఏడుపు లేవనీలా. తిరిగొచ్చాడు. ఇంట్లో వాళ్ళం మనమే చేతులు ఎత్తేస్తే వాళ్ళు ఎవరి కోసం రావాలే?"

"నేను చేతులు ఎత్తేయలా అమ్మమ్మా. ఆయన కోసం ఆగుతానంటున్నా." పిల్ల కళ్ళలో నీళ్ళు రాలేదు. "మావయ్య బుట్ట ఎత్తకుండా నేను పీటల మీద కూచోను. నువ్వు చంపినా కూచోను."

మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన, "ఇదేంటండి, లగ్నం పెట్టుకుని..." అని మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు అప్పటికే మధుపర్కాలతో కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, ఆ పెద్దాయనతో మెల్లగా, "బాబాయ్, ఆగుదాం," అన్నాడు. ఆ అబ్బాయి పెళ్ళిలో మంత్రాలు కాక మాట్లాడిన మాట నాకు అదొక్కటే గుర్తు.

పది నలభైకి ఒడ్డు నుంచి ఒకతను బండి మీద దూసుకొచ్చాడు. దిగకుండానే అరిచాడు. "దొరికారు! పెద్ద బోటు వాళ్ళకి కనపడ్డారంట. వైర్లెస్సులో చెప్పారు. నలుగురూ ఉన్నారంట. తాడు కట్టి లాక్కొస్తన్నారు!"

అత్త ఒడ్డు వైపు తిరిగి దణ్ణం పెట్టింది. అరుగు మీద ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. అమ్మమ్మ మాత్రం కదలకుండా నిలబడి పెదవులు బిగబట్టుకుంది. నాకు ఇక గండం గడిచిందనిపించింది. కానీ పెళ్ళికూతురు నిలబడిన చోటే నిలబడి ఉంది.

"ఎవరు చూశారు?" అంది ఆ బండి అతన్ని. "నువ్వు చూశావా?"

"వైర్లెస్సులో..."

"ఈ అక్క కూడా చూశానంది." నా వైపు తిరగకుండానే అంది. "నాకు మావయ్య గొంతు వినిపించండి. అప్పటిదాకా ఎవరేం చెప్పినా నమ్మను."

సిగ్నలు లేదు. ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేరనే వస్తోంది. నిజం చెప్పినా నమ్మలేని చోటికి ఆ పిల్లని నేనే తీసుకొచ్చాను. ఆ మాట నాకు నేను చెప్పుకుంటూ, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పంతులుగారు గడియారం చూసుకుంటూ ఉన్నారు. పది యాభై. యాభై ఒకటి. అలవాటుకొద్దీ బావ చెయ్యి డోలు మీదకి వెళ్ళింది. యాభై రెండు. జీలకర్ర బెల్లం పెట్టే ఆ నిమిషంలో పంతులుగారు వేలెత్తితే మేము గట్టిమేళం వాయించాలి, అది మా చేతులకి నిద్రలో కూడా తెలుసు. ఆయన వేలెత్తలేదు. పంచాంగం మూసి, కళ్ళజోడు తీశారు. పందిట్లో చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి వాయిస్తున్నాను. గట్టిమేళం పడకుండా దాటిపోయిన ముహూర్తం నేను చూసింది అదొక్కటే.

తర్వాత పంతులుగారే లేచి పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, కంగారు పడకు. అభిజిత్తు ఉంది. పన్నెండున్నర దాకా మంచిదే. అప్పటిదాకా కూర్చుందాం," అన్నారు. ఎవరో కుర్చీ వేస్తే పిల్ల కూర్చుంది. ఎండ వచ్చింది. మంచు పూర్తిగా విడిచింది. వంటవాళ్ళు అన్నం దించి మూతలు పెట్టారు. అంతమందిమీ ఏమీ చేయకుండా కూర్చున్నాం.

పదకొండు దాటి చాలాసేపయ్యాక అత్త చేతిలో ఫోను మోగింది. పెళ్ళికొడుకు తండ్రి, పెద్ద బోటు చేరిన హార్బరు నుంచి; ఇక్కడి సంగతి బండి అతను పోయి చెప్పాడట. ఆమె మాట్లాడేలోపే పిల్ల లాక్కుని స్పీకరు పెట్టింది. ముందు గాలి హోరు వినిపించింది. తర్వాత ఎవరో దగ్గారు. ఆ తర్వాత బొంగురుపోయిన మగ గొంతు.

"ఏంటే, పీటల మీద కూచోనన్నావంట? పంతులుగారిని నిలబెట్టావంట? నేనొచ్చి తన్నాలా నిన్ను?"

ఆ పిల్ల ఫోను చెవికి ఆనించుకుని, అంతసేపూ ఆపుకున్నదంతా ఏడ్చింది. బాసికం జారి ముక్కు మీదకి వచ్చింది. "రా మావయ్యా, నువ్వు రా," అనడం తప్ప ఇంకేం అనలేకపోయింది. అమ్మమ్మ అప్పుడు కూర్చుంది. నిలబడ్డ చోటే, మట్టిలో.

పన్నెండు దాటిన కాసేపటికి ఆయన వచ్చాడు, ఎవరి బండి వెనకో కూర్చుని. మిగతా ముగ్గురూ ఇంకో రెండు బళ్ళ మీద. మొహాలు ఉప్పు కట్టి తెల్లగా ఉన్నాయి, పెదాలు పగిలిపోయాయి. బళ్ళు నడిపి తెచ్చినవాళ్ళు జరిగిన సంగతి చెప్పారు. వల ఎత్తుకుని తిరిగొస్తుంటే మోటారు ఆగిపోయిందట. స్టార్టు చేసే తాడు లాగి లాగి ఆయన రెండు అరచేతులూ చర్మం ఊడిపోయాయి. హార్బరులో ఎవరిదో పాత పంచె చించి కట్టు కట్టారు, కట్టంతా ఎర్రగా తడిసి ఉంది. మంచులో ఎటు కొట్టుకుపోతున్నారో తెలియక, పళ్ళెం మీద గరిటెతో కొడుతూనే ఉన్నారట, ఎవరికైనా వినబడుతుందేమోనని.

"ఆస్పత్రికి పోదాం ముందు," అన్నారు ఎవరో.

"బుట్ట ఏదీ?" అన్నాడాయన.

బట్టలు మార్చుకోవడానికి కూడా ఆగలేదు. భుజం మీద కొత్త కండువా మాత్రం వేశారు. పిల్లని బుట్టలో కూర్చోబెట్టారు. చేతులతో పట్టుకోలేడు గదా, మోచేతులు బుట్ట అడుగుకి పెట్టాడు. ఆయనతో సముద్రం మీద ఉన్న ముగ్గురూ, తడి లుంగీలతోనే, తలా ఒక పక్క పట్టుకున్నారు. నలుగురూ తూలుతున్నారు. పిల్ల బుట్టలోంచి మావయ్య మొహాన్నే చూస్తోంది.

"వాయించమ్మా," అంది అమ్మమ్మ మట్టిలోంచి లేస్తూ.

నేను పొద్దున్నించి గంటల తరబడి ఊది ఉన్నాను. పెదాలు వాచిపోయాయి. మొదటి ఊపిరికి స్వరం పలకలేదు, గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి పలికింది. బావ నా కోసం తాళం ఒక చుట్టు ఆగి, నేను అందుకున్నాక దరువు కలిపాడు. పన్నెండు ఇరవైకి పంతులుగారు వేలెత్తారు. ఆ గట్టిమేళం మేము సరిగ్గా వాయించామో లేదో చెప్పలేను. బావ కొట్టిన దెబ్బలకి డోలు చర్మాన్ని బిగించే తోలు వారు ఒకటి తెగిపోయింది. నాకు కళ్ళు మసకలు కమ్మాయి. మధ్యలో ఒకచోట తప్పు స్వరం పడింది. జనం కేకల్లో ఎవరికీ తెలియలేదు, బావకి తప్ప.

కన్యాదానం అయినాకే ఆయన్ని రేపల్లె ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

భోజనాలయ్యాక బయల్దేరేముందు పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళాను. తలలో తలంబ్రాల బియ్యం ఇంకా ఉన్నాయి.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తి చూసింది. కోపంగా లేదు, చల్లగా కూడా లేదు. బాగా అలిసిపోయి ఉంది. "ఇప్పుడు నాకేం చెప్పమాకక్కా," అంది. నేను సరేనని వచ్చేశాను.

తిరిగొచ్చేటప్పుడు పొద్దున మేమొచ్చిన వ్యాను దొరకలేదు. ఆటోలో రేపల్లె వచ్చి తెనాలి రైలెక్కాం. పెట్టెలో జనం పెద్దగా లేరు. ఎదురెదురుగా కూర్చున్నాం. బావ తెగిన తోలు వారు చేతిలో పట్టుకుని దాని కొస చూసుకుంటున్నాడు. రైలు కదిలాక అడిగాను.

"బావా, బాపట్లలో ఆ రోజు నీకు ఎప్పుడు తెలిసింది?"

బావ తోలు వారు మీంచి తల ఎత్తాడు. ఈ ప్రశ్న నేను మళ్ళీ అడుగుతానని ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నాడనిపించింది, మొహం చూస్తే.

"జీలకర్ర బెల్లానికి ముందు. ఫోను తొడకింద వణికింది. సంచిలోంచి తీసి పెట్టుకున్నా, ఎందుకో భయమేసి."

"అప్పుడు అడిగితే 'ఇందాక' అని అన్నావు."

"అన్నా." ఆ తోలు వారు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నీకు చెబితే నువ్వు వాయించలేవని కాదు చెప్పంది. నీకు చెబితే నేను ఏడవాలి గదా. మావయ్య నాకు పుల్ల పట్టటం నేర్పాడు. చెప్పకపోతే, పెళ్ళి అయ్యేదాకా ఆయన ఉన్నట్టే అనుకున్నా. అంత దరిద్రపు ఆలోచన."

నాన్న నాకు మాత్రమే పోయినట్టు ఏడాదిన్నర గడిపానని అప్పుడు తెలిసింది. అయినా నా లోపల ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "నాకు చెప్పి ఉండాల్సింది బావా."

"చెప్పాల్సిందే," అన్నాడు.

కోపమంతా ఆ రైల్లోనే దిగిపోయిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. తెనాలి స్టేషనులో దిగేటప్పుడు డోలు ఒక పక్క నేను పట్టుకున్నాను, బరువుగా ఉందని. ఇంటికెళ్ళాక అన్నం వడ్డించి, నేనూ పక్కనే కూర్చుని తిన్నాను. చాలా నెలలుగా విడివిడిగా తింటున్నాం.

ఆ తర్వాత ఒకసారి పొన్నూరులో ఒకళ్ళింట్లో ఇలాంటిదే జరిగింది. పెళ్ళికొడుకు తాతగారికి పొద్దున్నే సీరియస్ అయింది. పిల్లాడికి తెలియనివ్వొద్దు, అడిగితే నిద్రపోతున్నాడని చెప్పండి అన్నారు. "మేం వాయిస్తామండి. ఆ మాట మాత్రం మా చేత అనిపించకండి," అన్నాను. వాళ్ళకి కోపం వచ్చింది. ఈ మేళంవాళ్ళకి ఇంత పొగరేంటన్నారు. బావ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చివరికి వాళ్ళ పెద్దకొడుకే వెళ్ళి పిల్లాడికి చెప్పాడు. అందరూ కలిసి ఆస్పత్రికి వెళ్ళి చూసి వచ్చాకే పీటల మీద కూర్చున్నారు.

మొన్న వేసవిలో రేపల్లె స్టేషనులో ఆ అమ్మాయి కనిపించింది. నేను పోల్చుకోలేదు, తనే పలకరించింది. చంకలో ఏడాది కూడా నిండని పాప. భర్త టిక్కెట్లు తీసుకోవడానికి వెళ్ళాడట. పాపని నా చేతికిచ్చి చీర సర్దుకుంది.

"మావయ్య ఎట్టా ఉన్నాడమ్మా?" అన్నాను.

"మూడు నెలలు ఇంట్లో కూచున్నాడక్కా, చేతులు మానేదాకా. మళ్ళీ పోతన్నాడు. అమ్మమ్మే పొమ్మంది. ఇప్పుడు రెండు మోటార్లు పెట్టుకుని పోతన్నాడు."

పెళ్ళి సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాప నా మెళ్ళో గొలుసు పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే ఇద్దరం ఒకేసారి వద్దు వద్దన్నాం. రైలు వచ్చింది. పాపని అందుకుని, "తెనాలి వచ్చినప్పుడు మీ ఇంటికి వస్తా," అని పెట్టెక్కింది. ఇల్లు ఎక్కడో అడగలేదు. నేనే కిటికీ దగ్గరికి వెళ్ళి గుర్తులు చెప్పాను.